అరవై ఒకటో డబ్బా

"బాగ చూసుకోప్పా. రెండున్నర నుంచి మూడున్నర దాకా, గంట సేపు. పేషెంట్లోళ్ళు గాక బయటోడు ఒక్కడన్నా లోపలికొచ్చినాడా?"

కదిరప్ప కుర్చీ వెనక్కి వాల్చి, గేటు కెమెరా రికార్డు నడుస్తున్న టీవీ తెర వైపు చెయ్యి చూపించాడు. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. రాప్తాడు దాటాక హైవే పక్కనున్న ఈ నాలుగంతస్తుల ప్రైవేటు ఆస్పత్రికి మూడేళ్ళుగా సెక్యూరిటీ ఆఫీసరు.

శనివారం పొద్దున పది ఇరవై అయింది. ఎదురుగా కూర్చున్న ఇనాయతుల్లా తెర మీద నుంచి చూపు తిప్పలేదు. గుంతకల్లు రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్లు, సిగ్నళ్ళ పని చూసి దిగిపోయాక, ఆయన ఒక బీమా కంపెనీ తరఫున విచారణలు చేస్తున్నాడు. 2009 జూన్‌లో ఈ ఆస్పత్రి కేసు ఆయన చేతికి వచ్చేనాటికి మనిషి చనిపోయి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు.

చనిపోయినవాడు కుళ్ళాయప్ప. యాభై ఎనిమిదేళ్ళ మెట్టరైతు. రెండో అంతస్తు గుండె వార్డులో పద్నాలుగో మంచం. గురువారం మధ్యాహ్నం మూడు ఇరవైకి నర్సు చూసేసరికి ప్రాణం లేదు. మామూలు చావే అనుకోవడానికి ఒక అడ్డం ఉంది. క్వారీలో ఇద్దరు కూలీలు పేలుడుకు పోయిన కేసులో కళ్ళారా చూసిన సాక్షి అతనొక్కడే. సోమవారం కోర్టులో నిలబడాలి. ఆ క్వారీ యజమాని ఈ ఆస్పత్రి చైర్మన్‌కు వియ్యంకుడు.

హత్య అన్నారు మొదట. శుక్రవారానికి మాట మారింది. గురువారం మధ్యాహ్నమే ఆస్పత్రి వైర్‌లెస్ నెట్‌వర్క్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఆ పని జరిగిన నలభై నిమిషాల్లో కుళ్ళాయప్ప ఛాతీకి తగిలించిన గుండె యంత్రం నుంచి నర్సుల తెరకు కబురు అందలేదు. పని చేసింది చైతన్య అనే ఇంజనీరు. ఇరవై ఏడేళ్ళవాడు. నిర్లక్ష్యం అని రాసిచ్చి అతన్ని పోలీసులకు అప్పగించింది కదిరప్పే.

గంట పూర్తయింది. తెర ఆగింది.

"ఎవ్వురూ రాలేదు," అన్నాడు ఇనాయతుల్లా.

"మరి? హత్యా లేదు, గిత్యా లేదు. ఆ పిల్లోని నిర్లక్ష్యం. రాసుకొని పోప్పా."

"ఒక్క నిమిషం కూడా బొమ్మ ఆగలేదు."

"మా కెమెరా అంటే అట్లుంటాది."

"గేటు కాడికి వైరు లాగినారా?"

"యాడ లాగుతాం? మధ్యలో సిమెంటు రోడ్డు ఉండాది. వైర్‌లెస్సే."

"గేటు కమాను మీద తెల్ల డబ్బా ఒకటి ఉండాది గదా. దాని నంబరెంత?"

కదిరప్పకు తెలియదు. ఇనాయతుల్లాకు తెలుసు. వచ్చేటప్పుడు కమాను కింద ఆగి చూశాడు. అరవై ఒకటి. జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. చైతన్య టైపు చేసిన ప్లాను అది. నిన్న సాయంత్రం స్టేషన్‌లో అతను కటకటాల వెనక నిలబడి వివరించాడు.

"ఈ ఆస్పత్రిలో వైర్‌లెస్ అందించే ఇట్లాంటి డబ్బాలు డెబ్బై ఎనిమిది. అన్నిటినీ నడిపేది కంట్రోలర్ అనే యంత్రం ఒకటి. పాతది యాభై డబ్బాలనే మోస్తాది. ఆస్పత్రి పెరిగింది, చాల్లేదు. చైతన్య ఫిబ్రవరిలో లెటర్ పెట్టినాడు. నూరేసి మోసే కంట్రోలర్లు రెండు కావల్ల, ఒకటి నిలబడిపోతే రెండోది మొత్తం మోయల్ల అని. మీవోళ్ళు ఒకటే కొనిచ్చినారు. పాతదాన్ని తోడుకు పెట్టుకోమన్నారు."

"కొనేది నా పని గాదు."

"నీ పని అన్ల్యా, విను. గురువారం కొత్తదానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించల్ల. రెండు నలభై నుంచి మూడు ఇరవై దాకా అది పని చెయ్యదు. డెబ్బై ఎనిమిదీ పాతదాని మీదికి వస్తాయి. యాభై సీట్ల బస్సులో డెబ్బై ఎనిమిది మంది. ఎవురు కూర్చోవల్ల, ఎవురు దిగల్ల? అది ఈ పిల్లోడు ముందే రాసినాడు. వార్డులు, ఆపరేషన్ గదులు, ఐసీయూ మొదటి వరస. క్యాంటీను, ఆఫీసు, గోడౌను, ఖాళీ అంతస్తు కడ వరస. ఆ ఇరవై ఎనిమిది నలభై నిమిషాలు ఆరిపోవల్ల." ఆయన వేలు రెండో కాగితం మీద ఒక అంకె దగ్గర ఆగింది. "ఈడ చూడు. అరవై ఒకటి. గేటు. అది కడ వరసలో ఉండాది."

కదిరప్ప మెల్లగా కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నువ్వు నాకు చూపించిన దాంట్లో నలభై నిమిషాల చీకటి ఉండల్ల కదిరప్పా. ల్యాదు. సీటు లేనోడు ఒకడు కూర్చున్నాడంటే, సీటుండేవోడు ఒకన్ని లేపినారని. లేపింది ఎవురిని?"

"నువ్వేదో లెక్కల మాస్టరు మాదిరి చెప్తాండావు. ప్లాను రాసింది వాడు, నడిపింది వాడు. వాడే మార్చింటాడు."

"ఆ మాట వార్డులో తేలుస్తా."

"నేనూ వస్తా," అని లేచాడు కదిరప్ప. "నా ఆస్పత్రిలో నువ్వొక్కనివే తిరిగేకి కుదరదు."

* * *

పదకొండుకు పది నిమిషాలు తక్కువ. పద్నాలుగో మంచం వార్డు చివర మూలలో ఉంది. దుప్పటి మార్చేశారు. మంచానికి నాలుగడుగుల దూరంలో నర్సుల బల్ల, దాని మీద టెలిఫోను, పక్కన పదహారు మంచాల గుండెచప్పుళ్ళు కనిపించే తెర. మంచం పైన సీలింగుకు తెల్ల డబ్బా. నంబరు ముప్పై మూడు.

గురువారం మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న నర్సు ప్రశాంతి బల్ల దగ్గరే ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రెండు నలభైకి పద్నాలుగో మంచం గీత పోయి చుక్కలు పడినాయి సార్. అలారం కూడా మోగలేదు. పొద్దున సర్క్యులర్ ఇచ్చినారు, నెట్‌వర్క్ పని జరుగుతాది, తెర మీద చుక్కలొస్తే కంగారు పడొద్దు, దానంతటదే వస్తాదని. పన్నెండో మంచం ఆమెకు వాంతులైతాంటే ఆడ ఉంటి. మూడు ఇరవైకి గీత వచ్చింది." ఆమె ఆగింది. "తిన్నగా వచ్చింది సార్."

నెట్‌వర్క్ గదిలో చైతన్య కింద పనిచేసే అసిస్టెంటు తబస్సుమ్‌ను పిలిపించాడు ఇనాయతుల్లా. ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని వచ్చింది.

"ముప్పై మూడును ఒక్క నిమిషం ఆపమ్మా. ఈ మంచం కాడ పక్క డబ్బా అందుకుంటాదేమో చూద్దాం."

ఆమె ఆపింది. ఖాళీ మంచం మీద పెట్టిన గుండె యంత్రం గీత తెర మీద నుంచి మాయమైంది. పదమూడు సెకన్లు. ఇరవై. నలభై. తిరిగి రాలేదు. ఇనాయతుల్లా మంచం వెనక గోడ మీద వేళ్ళతో తట్టాడు.

"అవతల ఏముండాది?"

"ఎక్స్‌రే గది సార్," అంది ప్రశాంతి.

"సీసం రేకు పరిచిన గోడ. పక్క డబ్బాలేవీ ఈడికి అందవు. మిగతా పదిహేను మంచాలకు వేరే డబ్బాలుండాయి. ఈ మూలకు ఇదొక్కటే." ఆయన కదిరప్ప వైపు తిరిగాడు. "లేపింది దీన్నే. ముప్పై మూడును కడ వరసలోకి తోసి, అరవై ఒకటిని మొదటి వరసలో కూర్చోబెట్టినారు. డెబ్బై ఎనిమిదిలో ఒకటికి ఒకటి. అది సాక్షి తల మీద డబ్బా."

"అంటే వాడు కావాలనే..."

"పాత కంట్రోలర్‌లో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో నమోదవుతాది. పొద్దున పోలీసుల ముందర తీయించినా. గురువారం పదకొండు నలభై రెండుకు, చైతన్య పాస్‌వర్డ్‌తో, నెట్‌వర్క్ గదిలోని కంప్యూటర్ నుంచి. చైతన్య ఆ పొద్దు పదకొండు ముప్పై ఐదుకు అనంతపురం రైల్వే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో సంతకం పెట్టినాడు. కంట్రోలర్ కరెంటు యూనిట్ పార్సిల్ వచ్చింటే తెచ్చేకి పోయినాడు. ఆ రిజిస్టరు నేను కండ్లతో చూసినా. ఈడికి తిరిగొచ్చింది పన్నెండు దాటినాక."

"మరి రెండు నలభైకి వాడే గదా కూర్చున్నది? చూసుకోవద్దా?"

"చూసుకున్నాడు. యాభై వెలగల్ల, ఇరవై ఎనిమిది ఆరల్ల. అంకె సరిపోయింది. పేర్లు చదవలేదు. నిన్న నాతో ఆ మాట చెప్పి తలకాయ ఊచకేసి కొట్టుకున్నాడు."

ఇనాయతుల్లా గొంతు తగ్గించి తబస్సుమ్‌తో అన్నాడు.

"ఆ గది తాళాలు రెండే. ఆ పొద్దు ఒకటి చైతన్య జేబులో రైల్వే స్టేషన్‌కు పోయింది. రెండోది నీ మెడలో ఉండాది, బేటీ."

తబస్సుమ్ ల్యాప్‌టాప్‌ను నర్సుల బల్ల మీద పెట్టింది.

"నేనే మార్చినా చాచా," అంది. "సార్ చెప్పినాడని మార్చినా."

"ఏ సారు?"

ఆమె కదిరప్ప వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. కదిరప్ప ముఖం ముందే తెల్లబోయింది.

"పదకొండున్నరకు ఫోన్ చేసినాడు. గేటు కెమెరా ఒక్క సెకను ఆగినా నీ ఉద్యోగం ఉండదన్నాడు. చైతన్య సార్ లేడు, ఆయనొచ్చినాక చెప్తానంటే, ఇప్పుడే అన్నాడు. చైతన్య సార్ పాస్‌వర్డ్ నాకు తెలుసు."

"నిజమేనా కదిరప్పా?"

కదిరప్ప గొంతులో ఇందాకటి పోలీసు లేడు.

"సాక్షి ఈడుండాడు. వియ్యంకుడు అట్లాంటోడు. ఎవున్నన్నా పంపిస్తాడని నాకు భయం. నలభై నిమిషాలు గేటు గుడ్డిదైతే ఎవుడు వచ్చినా తెలీదు. వాన్ని కాపాడల్లనే చెప్పినా ఇనాయతుల్లా. గేటు ఆపొద్దన్నా. ఇది ఆపమని నేను చెప్పలే."

"శుక్రవారం ఆ పిల్లోన్ని అప్పగించేటప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నోటిమాట అది. రాసిచ్చినానా? కూతురు పెండ్లీడుకొచ్చింది, ఈ ఉద్యోగం పోతే..." మధ్యలోనే ఆపేశాడు. తర్వాత గొంతు గట్టి చేసుకున్నాడు. "అయినా ఏది తీయల్లో చూసుకునేది ఆ పిల్ల పని. పేషెంటు తల మీదది ఎందుకు తీసింది?"

"చెప్పు బేటీ," అన్నాడు ఇనాయతుల్లా.

"ఒకటి ఎక్కించల్లంటే ఒకటి దించల్ల. తక్కువ వాడకం ఉండేది వెతికినా. ముప్పై మూడు మీద ఒక్కటే యంత్రం కనపడింది. ఎవరి సెల్‌ఫోనో ఏమో, పేషెంటుదో తెలీలేదు. ఊరికే తీయలేదు చాచా, ఈ బల్ల మీద ఫోనుకే చేసినా. ఆ పక్క ఎవరన్నా ఉండారా అని అడిగినా. 'ఈడెవ్వురూ ల్యారమ్మా' అన్నారు. సరే అని పెట్టేసినా. అప్పుడే మార్చినా."

"ఎవురు చెప్పినారు? నర్సా?"

"కాదు. మగ గొంతు. కొంచెం పెద్దాయన."

ఇనాయతుల్లా ప్రశాంతి వైపు చూశాడు.

"పొద్దుటి డ్యూటీలో మగోళ్ళు లేరు సార్," అందామె. "డాక్టర్ల రౌండు పదిన్నరకే అయిపోయింది. పదకొండు నలభైకి షిఫ్టు నర్సులిద్దరూ టీకి పోయింటారు."

కదిరప్ప గబుక్కున ముందుకొచ్చాడు.

"అదీ సంగతి! ఎవుడో వచ్చి ఫోన్ ఎత్తినాడు. ఎవ్వురూ లేరని అబద్ధం చెప్పినాడు. నేను రెండున్నర నుంచి చూసినా. పదకొండు గంటలది చూడనే లేదు!"

ప్రశాంతిని వార్డులో వదిలి ముగ్గురూ దాదాపు పరుగెత్తుతూ సెక్యూరిటీ గదికి దిగారు. తెర మీద గురువారం పదకొండు ఇరవై ఐదు. గేటు దాటి ఒక తెల్ల చొక్కా మనిషి లోపలికి వచ్చాడు. కదిరప్ప తెర ఆపి వేలు పెట్టాడు. "క్వారీ డ్రైవరు లక్ష్మన్న. వియ్యంకుని మనిషి." పదకొండు యాభైకి అదే మనిషి బయటికి పోయాడు. వయసు యాభై దాటి ఉంటుంది.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో, ఆ తర్వాత ఆరేళ్ళ విచారణల్లో, ఒక చావు హత్య కావాలని ఇనాయతుల్లా ఎప్పుడూ ఇంతగా కోరుకోలేదు. హత్య అయితే ఈ అమ్మాయి మోసపోయింది, అంతే. హత్య అయితే స్టేషన్‌లో పిల్లవాడు బయటికొస్తాడు. సాక్షిని చంపినవాడు దొరికితే సోమవారం కోర్టులో క్వారీ కేసు కూడా బతుకుతుంది. అన్నీ నిలబడతాయి, ఒక్క మనిషి ఆ ఫోను ఎత్తి ఉంటే చాలు.

"సీఐకి ఫోన్ చేస్తాండా," అన్నాడు కదిరప్ప. రిసీవర్ అప్పటికే చేతిలో ఉంది.

"ఆగు. వాడు వార్డు దాకా వచ్చినాడని చెప్పేవోళ్ళు కావల్ల. ఆ పొద్దంతా మంచం కాడ ఉండింది భార్యొక్కతే."

* * *

రామలక్ష్మమ్మ శవాలగది బయట అరుగు మీద కూర్చుని ఉంది. పోస్ట్‌మార్టం కాగితాలు రావాల్సి ఉంది. పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. ఇనాయతుల్లా ఆమెకు రెండడుగుల దూరంలో అరుగు మీదే కూర్చున్నాడు. కదిరప్పను రావద్దన్నాడు.

"బీమా ఆయన్నమ్మా. ఒక్క మాట అడిగేకి వచ్చినా. గురువారం పొద్దున పదకొండున్నర అప్పుడు, తెల్ల చొక్కా వేసుకున్న డ్రైవరు ఒకడు, లక్ష్మన్న అని, వార్డులోకి వచ్చినాడా?"

"లక్ష్మన్నా? వాడు పైకి రాలేదన్నా. నేను నీళ్ళకని కిందికి పోయినప్పుడు మెట్ల కాడ కనపడినాడు. వాని చెల్లెలు కాన్పుకొచ్చిందంట. నన్ను చూసి తల వంచుకొని పోయినాడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "క్వారీ వాళ్ళు చంపించినారంటాండారు అందరూ. మా మనిషి వాళ్ళకు భయపడలే. సోమవారం నడిచైనా పోయి చెప్తానన్న్యాడు. ఎవురు చంపినారో తెల్సిందా అన్నా?"

"ఇంకా ల్యాదమ్మా," అన్నాడు ఇనాయతుల్లా. "నీళ్ళకు పోయి ఎంతసేపటికి వచ్చినావు?"

"ఎంతసేపు? రెండు బాటిళ్ళు పట్టుకొని వచ్చినా. వచ్చేసరికి ఆయప్ప మంచం మీద లేడు. నాకు గుండె పగిలింది. చూస్తే నర్సుల బల్ల కాడ నిలబడుకొని ఫోన్‌లో మాట్లాడతాండాడు!"

"ఫోన్‌లోనా?" అన్నాడు ఇనాయతుల్లా.

"గుండెకాడ పెట్టె తగిలించుకొని తిరగొచ్చంట గదా, డాక్టరే చెప్పినాడు. ఫోన్ మోగుతానే ఉండాదంట. నర్సమ్మలు లేరు. ఎవురికో అవసరముంటాదని తనే పోయి ఎత్తినాడంట. జన్మలో ఫోన్ పట్టింది ల్యాదు మా ఆయప్ప. ఆ పొద్దు నవ్వుకుంటా వచ్చి చెప్పినాడు నాకు. 'ఎవురో ఆడబిడ్డ, ఈ పక్క ఎవురన్నా ఉండారా అని అడిగింది. ఈడెవ్వురూ ల్యారమ్మా, అందరూ టీ తాగేకి పోయినారు అని చెప్తాంటే, పూర్తిగా వినకుండానే పెట్టేసింది' అని." ఆమె పెదవులు ఒక్క క్షణం ఆ నవ్వును గుర్తు చేసుకున్నాయి. "ఎవురో ఏమో, ఏం పని బడి చేసిందో. మళ్ళా చేస్తుందేమోనని మధ్యాహ్నం నన్ను బయటికి పంపేదాకా ఆ ఫోను వైపే చూస్తా కూర్చున్నాడు."

శవాలగది తలుపు తెరుచుకుంది. ఎవరో రామలక్ష్మమ్మ పేరు పిలిచారు. ఆమె లేవడానికి చెయ్యి చాపితే ఇనాయతుల్లా పట్టుకుని లేపాడు.

"తెలిస్తే చెప్పన్నా," అంది. "వాళ్ళెవురో తెలిస్తే నాకు చెప్పు. నేను ఏమీ అనను. ఎందుకు చేసినారని అడుగుతా, అంతే."

ఆయన తల ఊపాడు. ఆమె లోపలికి పోయింది. ఆయన వెనక్కి తిరిగాడు.

అరుగు చివర స్తంభం పక్కన తబస్సుమ్ నిలబడి ఉంది. రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడొచ్చిందో తెలియదు. మెడలోని తాళంచెవి తాడు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పోలీస్ స్టేషన్ యాడ చాచా?" అని అడిగింది.

అంతలో సెక్యూరిటీ గది మెట్ల మీద నుంచి కదిరప్ప దిగి వచ్చాడు. మనిషిలో పాత హుషారు మళ్ళీ వచ్చింది.

"ఆగలేకపోయినా ఇనాయతుల్లా, చెప్పేసినా సీఐకి! లక్ష్మన్నను బత్తలపల్లె కాడ పట్టుకున్నారంట. జీపులో వేసుకొని వస్తాండారు. నాలుగు తగిలిస్తే ఒప్పుకుంటాడన్నారు!"